వీన్యు వెర్ద్‌ని కంచం పక్కన పెట్టి చూడండి

వైన్ బాగా తెలిసినవాళ్ల ముందు వీన్యు వెర్ద్ అనే పోర్చుగీసు వైన్ పేరు ఎత్తితే ఒక రకం నవ్వు ఎదురవుతుంది. "ఓ, అదా! ఎండాకాలం ఈతకొలను పక్కన కూర్చుని తాగేది కదా" అంటారు. చవకది, పలచనిది, దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంది అని ఆ నవ్వుకు అర్థం. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో ఉద్యోగం చేసిన కాలంలో నాకు ఈ వైన్ అలవాటైంది కాబట్టి ఆ నవ్వు చూస్తే ఇప్పటికీ కొంచెం ఒళ్లు మండుతుంది.

పోర్టోలోనూ, దానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలోనూ దీన్ని ఉత్తినే తాగేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. పక్కన తినడానికి ఏదో ఒకటి ఉండాల్సిందే. ఇంకేమీ లేకపోతే ఉప్పేసిన పసుపు లూపిన్ గింజల గిన్నె అయినా ఉంటుంది. అలాంటి వైన్‌ని విడిగా గ్లాసులో పోసి, వాసన చూసి, నాలుక మీద తిప్పి మార్కులు వేయడమంటే, అన్నం లేకుండా ఆవకాయని చెంచాతో తిని "ఉప్పెక్కువైంది" అని తీర్పు చెప్పడమే. దీన్ని భోజనంతో కలిపే తూచాలన్నది నా మొదటి మాట.

రెండో మాట వైన్ పండితులకు అసలు నచ్చదు. ఈ వైన్ విషయంలో ధర పెరిగినకొద్దీ తిండితో పొత్తు కుదురుతుందన్న హామీ లేదు. కొన్ని వంటకాల దగ్గర ఖరీదైన సీసా ఓడిపోయి, సూపర్ మార్కెట్లో నాలుగైదు యూరోలకు దొరికేది గెలుస్తుంది. ఆ వంటకాల్లో మనవీ కొన్ని ఉన్నాయి.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పులుపు అక్కడే పుట్టింది. పోర్చుగల్ వాయవ్య మూలన ఉన్న మీన్యు ప్రాంతం పచ్చగా, తడిగా ఉంటుంది. అట్లాంటిక్ మీది నుంచి వచ్చే మబ్బులు అక్కడి కొండలకు తగిలి కురుస్తాయి. ఏడాదికి 1500 మిల్లీమీటర్ల వాన చాలాచోట్ల మామూలే. అంటే హైదరాబాద్‌లో పడేదానికి దాదాపు రెట్టింపు. నేల కింద రాయి మాత్రం మన బంజారాహిల్స్‌లో ఉన్నలాంటి గ్రానైటే.

పొలాలు చిన్నవి. తరతరాలుగా అన్నదమ్ములు పంచుకుంటూ పంచుకుంటూ ఇంకా చిన్నవైపోయాయి. ఉన్న కాస్త మడిలో మధ్య భాగమంతా తిండి పంటలకే పోయేది. అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న, చిక్కుళ్లు, ఆలుగడ్డలతోపాటు కాబేజీ జాతికి చెందిన ఒక పొడవాటి ఆకుకూర కూడా అక్కడ పండేవి. ద్రాక్షకు మిగిలింది గట్టు. గట్టు మీది చెట్లకు తీగని పాకించేవాళ్లు, లేదా రాతి స్తంభాలు నాటి ఎత్తుగా పందిళ్లు వేసేవాళ్లు. కోతకు నిచ్చెనలు ఎక్కాల్సి వచ్చేది. తడి నేలకు దూరంగా, గాలి తగిలేలా ఉంటే తెగుళ్ల బాధ కొంత తగ్గుతుంది. కానీ దట్టమైన ఆకుల కింద కాయకు ఎండ చాలదు, తీపి పూర్తిగా ఎక్కదు. చక్కెర తక్కువైతే ఆల్కహాల్ తక్కువ, పులుపు ఎక్కువ. కొత్త తోటల్లో ఇప్పుడు వరసలుగా తీగలు కట్టి పెంచుతున్నారు, కాయ మునుపటికంటే బాగా పండుతోంది. అయినా రుచి స్వభావం పెద్దగా మారలేదు. 1908లో ప్రభుత్వం ఈ వైన్ ప్రాంతానికి హద్దులు గీసింది. ఇప్పుడు ఆ హద్దుల్లో తొమ్మిది ఉపప్రాంతాలున్నాయి.

మడి మధ్యలో పండినదీ గట్టు మీద పండినదీ ఒకే బల్ల మీదికి వస్తాయి. కాల్దు వెర్ద్ అనే సూప్ సంగతి చూడండి. ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి ఉడికించి మెత్తగా చేస్తారు. అందులో ఆ ఆకుకూరని దారాల్లా సన్నగా తరిగి వేస్తారు. పైన ఆలివ్ నూనె, ఒకటో రెండో సాసేజ్ ముక్కలు. పక్కన బ్రోవ అనే మొక్కజొన్న రొట్టె, బరువుగా, కాస్త తడిగా ఉంటుంది. ఇదంతా పిండిపదార్థం, నూనె. నాలుగు చెంచాలకే నోరు మొద్దుబారుతుంది. అప్పుడు చల్లటి పుల్లటి వైన్ ఒక గుక్క వేస్తే నోట్లో నీరూరి, మళ్లీ ఆకలి పుడుతుంది. పొలం పని చేసేవాళ్ల మధ్యాహ్న భోజనానికి అంతకుమించి ఏం కావాలి? వైన్ పుస్తకాల్లో "ఒకే నేలలో పెరిగినవి ఒకదానికొకటి నప్పుతాయి" అని కవిత్వంలా రాస్తారు. నాకైతే అందులో కవిత్వమేమీ కనిపించదు. ఆ తిండి ముందు నిలబడని వైన్‌ని అక్కడి రైతు తన ఇంట్లో ఎందుకు ఉంచుకుంటాడు?

ఇక బుడగలు. చవక సీసా మూత తీయగానే చిన్నగా సుయ్‌మంటుంది, నాలుక మీద చిటపటలాడుతుంది. పాతకాలంలో ఈ గ్యాస్ దానంతటదే వచ్చేది. వైన్‌లోని ఒక ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తబరిచే ప్రక్రియ సీసాలో పోశాక కూడా సాగుతూ కొంచెం గ్యాస్ మిగిల్చేది. దాంతోపాటు మడ్డి కూడా వచ్చేది. ఇప్పుడు చాలా కంపెనీలు వైన్‌ని తేటగా వడకట్టి, సీసాలో నింపేటప్పుడు కొంచెం కార్బన్ డయాక్సైడ్ కలుపుతున్నాయి. "చూశారా, అంతా నకిలీ" అంటారు విమర్శకులు. నాకు అందులో పెద్ద మోసం కనిపించదు. జనానికి నచ్చిన ఒక లోపాన్ని కంపెనీలు మడ్డి లేకుండా తిరిగి తయారుచేస్తున్నాయి, అంతే. 1939లో మొదలై, నీలం లేసు అల్లికలాంటి లేబుల్‌తో ప్రపంచమంతా తిరిగిన కజాల్ గర్సియా లాంటి బ్రాండ్లు ఈ పద్ధతి మీదే నిలిచాయి.

నాకు అసలు అభ్యంతరం తీపి దగ్గర. చాలా చవక సీసాల్లో పులుపుని కప్పడానికి కొంచెం చక్కెర మిగులుస్తారు. ఆ సంగతి లేబుల్ మీద చాలాసార్లు కనిపించదు. నేను వాడే చిట్కా ఒకటుంది, ఆల్కహాల్ శాతం చూడటం. 9, 9.5 దగ్గర ఉంటే కాస్త తీపి, బుడగలు ఉన్న రకమని అనుకోవచ్చు. 11.5 దాటితే చాలావరకు తీపి లేనిదే. ఇది శాస్త్రం కాదు గానీ షాపులో నిలబడి తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఏ సీసా ఏ కంచానికి అన్నది ఇక్కడే తేలుతుంది కాబట్టి ఆ అంకెని తేలిగ్గా తీసుకోకండి.

ఈ తక్కువ శాతం రకం నిజంగా రాణించేది వేపుళ్ల దగ్గర. పోర్టోలో బొలీన్యుష్ ద బకల్యావ్ అని చేస్తారు. ఉప్పులో ఎండబెట్టిన కాడ్ చేపని ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఉడికించి, ఆలుగడ్డ, గుడ్డు, పార్స్‌లీ కలిపి కోలగా చేసి నూనెలో వేయిస్తారు. బయట కరకర, లోపల మెత్తన, అంతటా ఉప్పు. ఉప్పు తగిలిన నాలుకకు వైన్ పులుపు గుచ్చుకోదు, నూనె జిడ్డుని ఆ పులుపు కడిగేస్తుంది. రెండింటికీ ఒకదాని అవసరం ఒకదానికి ఉంది. ఇక్కడ మంచి అల్వరీన్యు, అంటే ఆ పేరున్న ద్రాక్షతో చేసిన ఖరీదైన వీన్యు వెర్ద్, తెరవడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. దాని సువాసనలన్నీ నూనె వాసన కింద పడిపోతాయి.

శాకాహారులకు ఇంకా మంచి వార్త. పెయిషీన్యుష్ ద ఓర్త అని ఇంకో వంటకం ఉంది, బీన్స్ కాయల్ని పిండిలో ముంచి వేయించడం. జపాన్ టెంపురాకు మూలం 16వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన పోర్చుగీసువాళ్ల ఇలాంటి వేపుళ్లేనంటారు. మనవాళ్లకు అదేమీ కొత్త కాదు, బజ్జీయే. శనగపిండికి బదులు గోధుమపిండి. ఆ వంటకం చూశాకే మా ఇంట్లో బజ్జీల పక్కన ఈ వైన్ పెట్టడం మొదలైంది.

మా బావకి వైన్ పిచ్చి. డల్లాస్‌లో ఉంటాడు, ఇంట్లో వైన్ కోసం ప్రత్యేకంగా ఫ్రిజ్ ఉంది. పోర్టో వచ్చినప్పుడు అరటికాయ బజ్జీలతో కజాల్ గర్సియా పెడితే లేబుల్ చూసి, "ఏరా బామ్మర్దీ, ఇంత దూరం వస్తే నాలుగు యూరోల సీసాతో సరిపెట్టేస్తున్నావా" అన్నాడు. "నువ్వు తెచ్చిన సీసా కూడా తెరుద్దాం బావా, కానీ బజ్జీ తిన్నాకే తాగాలి" అన్నాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని తిన్నాం. తను తెచ్చింది ఓక్ పీపాల్లో ఉంచిన షార్డొనే అనే ఖరీదైన ఫ్రెంచ్ వైట్ వైన్. వేడి బజ్జీ మీద అది బరువుగా, వెన్నలా కూర్చుంది. బావ నోటితో ఒప్పుకోలేదు. కానీ చవక సీసా ముందు ఖాళీ అయింది, అందులో పెద్ద వాటా తనదే.

వేపుళ్లు దాటితే ఆల్చిప్పలు. అమైజువష్ ఆ బుల్యావ్ పాతు అనే వంటకం 19వ శతాబ్దపు కవి బుల్యావ్ పాతు పేరు మీద ఉంది. తాజా చిన్న ఆల్చిప్పల్ని ఆలివ్ నూనె, వెల్లుల్లి, కొత్తిమీరతో మూతపెట్టి మగ్గిస్తారు, చివర నిమ్మరసం పిండుతారు. యూరప్‌లో కొత్తిమీరని ఇంత ధారాళంగా వాడే దేశం ఇంకోటి నాకు కనపడలేదు. ఈ వంటకం లిస్బన్ వైపుది, మీన్యుది కాదు. అయినా దీనికి లొరైరు ద్రాక్షతో చేసిన వీన్యు వెర్ద్ అతికినట్టు సరిపోతుంది. లీమ నది లోయలో బాగా పండే ద్రాక్ష అది. నారింజ పూల వాసన, అడుగున బిర్యానీ ఆకు లాంటి పచ్చి వాసన ఉంటాయి. కొత్తిమీర, వెల్లుల్లి, సముద్రపు ఉప్పు ఆ వాసనని పైకి లేపుతాయి. మిగిలిన రసంలో రొట్టె ముంచుకుని తినడం అసలు భోజనం, ఆల్చిప్పలు దానికి సాకు.

సార్డిన్ చేపలు జూన్‌లో కొవ్వు పట్టి ఉంటాయి. జూన్ 23 రాత్రి పోర్టోలో సావ్ జ్వావ్ పండగ, వీధి వీధినా బొగ్గుల మీద అవి కాలుతుంటాయి. దొడ్డుప్పు తప్ప మసాలా ఏమీ ఉండదు. ఆ కొవ్వుకు పులుపు కావాలి. తీపి లేని, పదకొండు శాతం దగ్గరున్న మామూలు సీసా చాలు. ఎక్కువ చెప్పడానికేమీ లేదు.

అల్వరీన్యు కథ వేరు. పోర్చుగల్ ఉత్తర సరిహద్దులో మీన్యు నది పారుతుంది, అవతలి ఒడ్డున స్పెయిన్‌లోని గలీసియా. ఇవతల మొన్‌సావ్, మెల్గాసు ఊళ్లు. చుట్టూ ఉన్న కొండలు సముద్రపు తడిగాలిని కొంత ఆపుతాయి, వేసవి కాస్త వేడిగా ఉంటుంది. అక్కడ అల్వరీన్యు ద్రాక్ష బాగా పండి 12.5, 13 శాతం వైన్ ఇస్తుంది. నది దాటితే ఇదే ద్రాక్షని అల్బరీన్యో అంటారు. అల్వరీన్యు పేరు పెట్టి వీన్యు వెర్ద్ అమ్ముకునే హక్కు చాలాకాలం ఈ ఒక్క ఉపప్రాంతానికే ఉండేది. 2015లో కుదిరిన ఒప్పందంతో మెల్లగా మిగతావాళ్లకూ దారి తెరిచారు. 1982లో మెల్గాసులో మొదలైన సువల్యైరు లాంటి బ్రాండ్లు ఈ ద్రాక్షకు పేరు తెచ్చాయి. ఇందులో బుడగలు ఉండవు. కమలా, పీచ్ పండు వాసనలు, నాలుక మీద కాస్త బరువు. మంచి ఏడాదిది నాలుగైదేళ్లు నిలవుంచినా చెడదు, ఇంకో రుచి పడుతుంది.

దీన్ని ఎక్కడ తెరవాలి? ఓవెన్లో ఉల్లి, ఆలుగడ్డ, బోలెడు ఆలివ్ నూనెతో చేసిన బకల్యావ్, అంటే ఉప్పులో ఎండబెట్టిన ఆ కాడ్ చేప దగ్గర. రొయ్యలు, పీతలతో జారుగా వండే సముద్రపు అన్నం దగ్గర. ఉప్పు, పసుపు, నిమ్మకాయ, చిటికెడు కారంతో పెనం మీద కాల్చిన వంజరం ముక్క దగ్గర కూడా. ఇక్కడ చవక సీసా పెడితే పలచగా, తీపిగా తేలిపోతుంది. అంటే ఖరీదైనదాని మీద నాకు కక్షేమీ లేదు, అది ప్రతి కంచానికీ కాదంటున్నానంతే. పోర్చుగీసు మిత్రులు చాలామంది బకల్యావ్‌తో రెడ్ వైనే తాగుతారు. వాళ్లతో ఈ వాదన నేను గెలిచింది లేదు.

"చేపకు వైట్, మాంసానికి రెడ్" అనే సూత్రం మీన్యులోనే చెల్లదు. కొన్ని దశాబ్దాల క్రితం వరకు ఈ ప్రాంతంలో ఎక్కువగా తయారైంది రెడ్ వీన్యు వెర్దే. వీన్యావ్ అనే ద్రాక్షకు తొక్కతోపాటు గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. దాని వైన్ సిరాలా నల్లగా, పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉంటుంది. దాన్ని తెల్లటి పింగాణీ గిన్నెల్లో పోసుకుని తాగుతారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నదుల్లోకి ఎదురీదుకుంటూ వచ్చే లాంప్రే అనే పాములాంటి జీవిని దాని రక్తంతోనే, ఈ రెడ్ వైన్ కలిపి వండుతారు. తోడుగా మళ్లీ అదే వైన్. 2009లో జపాన్ పరిశోధకులు రెడ్ వైన్‌లోని ఇనుము వల్లే సముద్రపు తిండితో నీచు వాసన పుడుతుందని చూపించారు. మంచి పరిశోధన, నేనూ నమ్ముతాను. కానీ రక్తంతో వండిన కూర దగ్గర వైట్ వైన్ నీళ్లలా అయిపోతుందన్నది కూడా నిజమే. మొదటిసారి ఆ గిన్నె చేతికి ఇచ్చిన పెద్దాయన, "వాసన చూడకు, తిను, తర్వాత తాగు" అన్నాడు. వైన్ గురించి ఇంత పనికొచ్చే సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు మన వంటల దగ్గరికి. ఇంగ్లీషు వైన్ పేజీలన్నీ ఒకటే మాట రాస్తాయి, "వీన్యు వెర్ద్ ఘాటైన ఇండియన్ ఫుడ్‌కి సరిపోతుంది" అని. ఏ ఇండియన్ ఫుడ్? పెసరట్టుకా, గోంగూర మాంసానికా? రాసినవాళ్లు బహుశా బటర్ చికెన్ దగ్గర ఆగిపోయి ఉంటారు.

మిరపకాయని 16వ శతాబ్దంలో మనకు తెచ్చిచ్చింది పోర్చుగీసువాళ్లే. గుంటూరు యార్డు దాకా వెళ్లిన ఆ కథ మొదలైంది వాళ్ల ఓడల్లో. తమాషా ఏంటంటే వాళ్ల వైన్‌కి ఎదురు తిరిగేది ఆ మిరపకాయే. కారం నోట్లో మంటని పసిగట్టే గ్రాహకాన్ని రేపుతుంది. ఆల్కహాల్ కూడా దాన్నే రేపుతుంది. కాబట్టి శాతం ఎంత ఎక్కువైతే మంట అంత పెరుగుతుంది. 13 శాతం అల్వరీన్యుని కోడి వేపుడుతో తాగితే ఆ సువాసనలన్నీ మాయమై స్పిరిట్ ఒక్కటే మిగులుతుంది. 9 శాతం, కాస్త తీపి ఉన్న చవక సీసా అక్కడ తట్టుకుంటుంది. తీపి కారాన్ని కాస్త ఆర్పుతుంది. బుడగలు మాత్రం మంటని కొంచెం రెచ్చగొడతాయి, అది ఒప్పుకోవాలి. అందుకే మూత తీసి కాసేపు ఉంచి, గ్యాస్ తగ్గాక పోస్తాను. నన్ను చూసి పోర్టో మిత్రులు తల పట్టుకుంటారు.

చింతపండు సంగతి ఇంకోలా ఉంటుంది. కూర వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడుతుంది. చాలా వైన్లు చేపల పులుసు ముందు ఓడిపోయేది అందుకే. వీన్యు వెర్ద్ పులుపులో సమ ఉజ్జీ, ఆ వరకూ బాగానే ఉంటుంది. కానీ నెల్లూరు చేపల పులుసులో పులుపుతోపాటు కారం, మెంతి, రాత్రంతా ఊరిన ఘాటు కూడా ఉన్నాయి. నేను రకరకాల సీసాలతో చూశాను. పులుసు ఎప్పుడూ గెలుస్తుంది, దాని పక్కన మంచినీళ్లు పెట్టుకోవడమే మర్యాద. గోంగూర దగ్గర కూడా అంతే. పోపు వేసిన నిమ్మకాయ పులిహోర, కరివేపాకు రొయ్యల వేపుడు, పెసర పునుగులు మాత్రం ఈ వైన్‌తో హాయిగా సాగుతాయి. కరివేపాకు దగ్గర లొరైరు వాసన మరీ బాగుంటుంది, అది నా ముక్కు చెప్పే మాట.

కొనేవాళ్లకు రెండు సంగతులు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది బీరు ప్యాక్ ధరకే దొరుకుతుంది, కొత్త ఏడాది సీసా చూసి తీసుకుంటే చాలు. హైదరాబాద్‌లో లెక్క మారుతుంది. దిగుమతి సుంకం, రాష్ట్రపు పన్నులు కలిసి చవక సీసా చవకతనం పోతుంది. ఏడాదిలోపు తాగాల్సిన వైన్ ఓడలో, గోడౌన్లో, ఏసీ లేని అరలో కాలం గడిపి మనదాకా వస్తుంది. తాజాదనమే దాని బలం, అది పోయాక మిగిలేది పుల్లటి నీళ్లు. చాలా చవక సీసాల మీద ఏ ఏడాది పంటో ఉండదు కూడా. అందుకే హైదరాబాద్‌లో అయితే ఏడాది ముద్రించిన అల్వరీన్యు దొరికితేనే కొనమంటాను, అది ప్రయాణాన్ని తట్టుకుంటుంది. అదీ ఫ్రిజ్‌లోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట పెట్టి పోయండి, మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు. పక్కన వంజరం వేపుడు చేసుకోండి, కారం డబ్బా కాస్త దూరంగా పెట్టి.